తలుపు తూర్పుకి, కొట్టు రమామణికి

రాఘవయ్య డెయిరీ,
కోఫై రోడ్డు, పాపటోయిటోయి, ఆక్లాండ్.
2 మార్చి 2009

చిన్న వ్యాపారాల కొత్త కొలువుల సహాయ కార్యాలయం పెద్దలకు,

నమస్కారం. ఇక్కడ నేనూ, మా ఆవిడ రమామణీ, కొట్టూ ముగ్గురం కులాసా. మీరూ మీ ఆఫీసూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను.

లైబ్రరీకి పేపరు చదవడానికి వెళ్తే మీ కరపత్రం కనిపించింది. ‘మీ భాషలోనే రాయండి, మేం చదివించుకుంటాం’ అని బోలెడు భాషల్లో ఉంది. కింద ఎక్కడో తెలుగు కూడా ఉంది. ఈ దేశం వచ్చాక సర్కారు కాగితం నన్ను తెలుగులో పలకరించడం ఇదే మొదలు. పలకరించినవాళ్ళకి బదులివ్వకపోతే బాగుండదని రాస్తున్నాను.

నేను ఆరో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఆ తరవాతి చదువంతా గుడివాడలో మా మేనమామ కిరాణా కొట్లో, పొట్లాలు కట్టే కాగితాల మీద సాగింది. అందుకే నాకు చాలా సంగతులు సగమే తెలుసు. కాగితం ఎక్కడ చిరిగితే చదువు అక్కడ ఆగేది. ఒక సీరియల్లో జమీందారుని చంపింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రెండో ముక్కలో ధనియాలు కట్టి ఎవరికో ఇచ్చేశాం.

ఇంతకీ విషయం. మా కొట్టు రెండు వీధుల మూల మీద ఉంది. పాలు, బ్రెడ్డు, పేపర్లతో పాటు రమామణి పెట్టే పచ్చళ్ళు, జంతికలు అమ్ముతాం. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. జాడీలు ఎత్తలేదు. అందుకని రాజ్యం అనే ఆవిణ్ణి వచ్చే సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాను. పాపకూరలో బిస్కెట్లు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో ఉండేది. క్రిస్‌మస్‌కి అది మూసేశారు. భర్త లేడు. కూతురు కావ్యశ్రీకి ఇది బడిలో ఆఖరి ఏడు. పెద్ద పరీక్షలు నవంబరులో. ఇక్కడ పని దొరక్కపోతే తల్లీకూతుళ్ళు ఇన్వర్‌కార్గిల్‌లో ఆవిడ అన్నగారింటికి పోవాలి. పిల్ల చదువు మధ్యలో బడి మారాలి. ఇన్వర్‌కార్గిల్ అంటే ఈ దేశానికి చివర. అక్కణ్ణించి ఇంకో అడుగేస్తే పెంగ్విన్లే.

కొత్తవాళ్ళని పనిలో పెట్టుకుంటే జీతంలో కొంత మీరిస్తారటగా. మీరు చెయ్యి వేస్తే రాజ్యాన్ని ఉంచుకోగలను. లేకపోతే చలికాలం దాటి నా వల్ల కాదు.

ఉంటాను,
వీరరాఘవయ్య

తా.క. డెయిరీ అన్నానని గేదెలెన్ని అని అడక్కండి. ఇక్కడ మూల మీది కొట్టుని అలాగే అంటారని మీకు తెలుసు, మా మామగారికి తెలియదు. పోయేదాకా ప్రతి ఫోనులోనూ గేదెలు ఎలా ఉన్నాయని అడిగేవారు. బాగానే ఉన్నాయనేవాణ్ణి.


19 మార్చి 2009
మనుకావ్

శ్రీ వీరరాఘవయ్య గారికి,

మీ ఉత్తరం అందినది. అందులో కొంత భాగం మా పథకానికి సంబంధించినది.

మీ వ్యాపారం ప్రాథమికంగా అర్హమైనదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. అయితే వచ్చే ఆరు నెలలు మీ వ్యాపారంలో మార్పులు ఉండరాదు. చిరునామా మారరాదు. యజమాని మారరాదు. పనివారి సంఖ్య, దరఖాస్తులో ఉన్నవారు కాక, పెరగరాదు. ఏ మార్పు జరిగినా వెంటనే మాకు రాయవలెను. కొత్తగా చేరే వ్యక్తి అంతకు ముందు ఆరు నెలలు ఎక్కడా జీతం తీసుకోని వారై ఉంటే మంచిది, లేదా మూతపడిన సంస్థ నుంచి వచ్చినవారైనా సరే. యజమాని కుటుంబసభ్యులు కూడా చేరవచ్చును, కాని వారు నిజంగా పని చేయవలెను.

ఇట్లు,
ఇయన్ ప్రిచర్డ్, అర్హతల అధికారి
(తెలుగు చేసినది: ఆశాజ్యోతి)

తా.క. ఇది ఆఫీసు మాట కాదండీ, నా మాట. ఈ ఉద్యోగంలో చేరి ఏడాదైంది, నాకు వచ్చిన మొదటి తెలుగు ఉత్తరం మీదే. ఇన్నాళ్ళూ స్టేప్లర్లలో పిన్నులు నింపుతూ కూర్చున్నాను. ప్రిచర్డ్ గారు ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషు చెయ్యమన్నారు, మీ మామగారితో సహా. అంతా విని ఫైల్లో ‘పశువులు: లేవు’ అని రాసుకున్నారు.


రాఘవయ్య డెయిరీ,
రాటా వీధి, పాపటోయిటోయి.
30 మార్చి 2009

గౌరవనీయులైన ప్రిచర్డ్ గారికి,

ఉగాది వెళ్ళిన మూడో నాడు రాస్తున్నాను. ఇక్కడ ఉగాదికి చెట్లు చిగురించవు, ఉన్న ఆకులు రాలుస్తాయి. వేపపువ్వు దొరక్క పచ్చడిలో కాకరకాయ తురుము వేశాం. చేదు చేదే కదా అని సరిపెట్టుకున్నాం. రాజ్యం పనిలో చేరింది. చెయ్యి చురుకు. జాడీలు తుడిచి ఎత్తు ప్రకారం పెట్టింది. నా కొట్టు అంత బుద్ధిగా నిలబడి ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మీరు మార్పులు వద్దన్నారు కనక మార్పులేవీ చెయ్యలేదు. ఒక్క తలుపు మాత్రం అటు నుంచి ఇటు పెట్టించాను.

అది ఎందుకంటే, మీ చల్లని కబురు గుడివాడలో జనార్ధనరావు గారికి ఫోనులో చెప్పాను. ఈయన కరెంటు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరై ఇప్పుడు వాస్తు, జాతకాలు చూస్తున్నారు. జీవితమంతా కరెంటు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూసినవాడికి అదృష్టం ఎటు పోతోందో చూడటం ఎంత పని? ఆయన అన్నారూ, “మీ కొట్టుకి దక్షిణ ద్వారం కదుటోయ్. సర్కారు సొమ్ము గడప దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. తూర్పుకి మార్చెయ్” అని. మీ సొమ్ము అంత దూరం వచ్చి తిరిగిపోవడం మీకు మాత్రం బాగుంటుందా? తూర్పున రాటా వీధి వైపు పాల క్రేట్లు దింపే తలుపు ఎలాగూ ఉంది. దాన్నే ముఖద్వారం చేసి, పాత తలుపుకి అడ్డంగా బియ్యం బస్తాలు పేర్చాం. పోస్టు డబ్బా కూడా ఇటు తెచ్చి బిగించాను. కొట్టు అంగుళం కదల్లేదు.

నాకు ఒక్క అనుమానం మిగిలింది. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి నడుస్తాడు కదా, మరి మన దిక్కుల లెక్కలు ఇక్కడా అలాగే ఉంటాయా అని జనార్ధనరావు గారిని అడగబోయాను. ఫోను కార్డు అయిపోయింది.

మీ మేలు కోరే,
వీరరాఘవయ్య

తా.క. అమ్మాయ్ ఆశాజ్యోతీ, నీది ఏ ఊరు? జంతికలు పంపితే ఆఫీసులో ఏమైనా అంటారా?


14 ఏప్రిల్ 2009
మనుకావ్

శ్రీ వీరరాఘవయ్య గారికి,

రాటా వీధిలోని వ్యాపారం నుంచి మాకు దరఖాస్తు ఏదీ రాలేదు. కోఫై రోడ్డులోని వ్యాపారం నుంచి వచ్చినది. మా పరిశీలకుడు కోఫై రోడ్డు చిరునామాకు వెళ్ళగా అక్కడ తలుపు తీయుటకు వీలుపడలేదు, అద్దంలోంచి బియ్యం బస్తాలు కనిపించినవి. ఆ వ్యాపారం మూతపడినదా?

వారు వీధి మలుపు తిరిగి చూడగా మరొక వ్యాపారం కనిపించినది. దాని గుమ్మంలో పగలగొట్టిన గుమ్మడికాయ, దాని మీద ఎర్రని పదార్థం ఉన్నవి. ఇది ప్రమాదమా, లేక పోటీ వ్యాపారి ఎవరైనా బెదిరించినారా? వివరించగలరు.

ఇట్లు,
ఇయన్ ప్రిచర్డ్

తా.క. మాది సామర్లకోటండీ అంకుల్. జంతికలు పంపకండి, వాటికి కూడా ఒక ఫారం ఉంది. దయచేసి ఈసారి జవాబు పొట్టిగా రాయండి. ‘తలుపు మారింది, కొట్టు అదే’ అంటే చాలు. మీరు కారణాలు చెప్పినప్పుడల్లా ఫైలు లావెక్కుతోంది.


రాఘవయ్య డెయిరీ,
రాటా వీధి (కోఫై రోడ్డు మూల), పాపటోయిటోయి.
25 ఏప్రిల్ 2009

గౌరవనీయులైన ప్రిచర్డ్ గారికి,

తలుపు మారింది, కొట్టు అదే. ఇది పొట్టిగా రాయమన్నందుకు రాశాను. కాని అడిగినవాళ్ళకి అరకొరగా చెప్పడం నా ఒంటికి పడదు.

గుమ్మడికాయ ప్రమాదమూ కాదు, బెదిరింపూ కాదు. బెదిరింపే అనుకున్నా అది దిష్టికి, మీకు కాదు. కొత్త గుమ్మం తెరిచినప్పుడు కుంకుమ అద్దిన గుమ్మడికాయ పగలగొడితే చూసేవాళ్ళ కళ్ళు దాని మీద పడి కొట్టు మీద పడవు. మీ పరిశీలకుడి కళ్ళు కూడా ముందు దాని మీదే పడ్డాయి చూశారా? పని చేసినట్టే.

అసలు ఇదంతా శని వల్ల. 2004లో వచ్చాడు. మొత్తం ఏడున్నరేళ్ళు ఉంటాడు. ఆయన తీరు ఏమిటంటే అన్నీ ఆలస్యం. తాను నెమ్మదిగా నడుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళనీ నెమ్మదిగా నడిపిస్తాడు. ఆయన వచ్చాకే నా ఫ్రిజ్ పాడైంది, పాల వ్యాను రావడం ఆలస్యమైంది, మీ దగ్గర నా దరఖాస్తు నానుతోంది. పొమ్మనడానికి నా చేతిలో ఏమీ లేదు. ఎవరి చేతిలోనూ లేదు. శనివారం నాడు ఆయనకి కాస్త నువ్వుల నూనె ఇస్తే కొంచెం తగ్గుతాడు.

రమామణి జోలికి మాత్రం ఆయన రాడు. వాళ్ళిద్దరికీ పడదు. అందుకని జనార్ధనరావు గారి సలహా మీద మే ఒకటి నుంచి కొట్టుని రమామణి పేర రాయించేశాను. లాయరు సంతకాలు కూడా అయిపోయాయి. నా పేర ఉంటే మీ సాయం ఆలస్యమవుతుంది, ఆవిడ పేర ఉంటే గబగబా వస్తుంది. ఇది మీ పని తేలిక చెయ్యాలని చేసిందే. యజమాని మారినట్టు కాదు. గల్లా దగ్గర కూర్చునేది నేనే.

మీరు కుటుంబసభ్యుల్ని కూడా పనిలో పెట్టుకోవచ్చన్నారు. ఇంట్లోవాళ్ళకి జీతం రాసి సర్కారు దగ్గర పుచ్చుకునేటంత సిగ్గులేని మనుషులం కాదు. మాకు రాజ్యం విషయం తేలితే చాలు.

ఉంటాను,
వీరరాఘవయ్య

తా.క. జమీందారుని చంపింది వంటవాడని రాజ్యం అంటోంది. వాళ్ళమ్మ ఆ సీరియల్ పూర్తిగా చదివిందట. నాకు నమ్మకం కుదరటం లేదు. వంటవాడు మొదటి ముక్కలో చాలా మంచివాడు.


13 మే 2009
మనుకావ్

శ్రీ వీరరాఘవయ్య గారికి,

శని గారు 2004 నుంచి మీ వద్ద ఉన్నట్టు, పని నెమ్మదిగా చేస్తున్నట్టు, తొలగించుటకు మీకు వీలు లేనట్టు రాసినారు. వీరి పేరు మీ దరఖాస్తులో పనివారి కింద చూపబడలేదు. వీరు ఉద్యోగా? వీరికి జీతానికి బదులుగా నువ్వుల నూనె చెల్లించుట ఈ దేశపు చట్టానికి విరుద్ధము. వీరితో ఏడున్నరేళ్ళ ఒప్పందం ఏమైనా ఉంటే నకలు పంపగలరు. మీ భార్యకు, వీరికి మధ్య గల విభేదాల గురించి కూడా మేము ఆందోళన చెందుతున్నాము.

ఇక ముఖ్య విషయము. మే ఒకటి నుంచి వ్యాపారానికి యజమాని మారినారు. కనుక మీరు పెట్టిన దరఖాస్తు ముగిసిపోయినది. కొత్త యజమాని కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చును. కాని రాజ్యం గారు అప్పటికే అక్కడ పని చేస్తున్నారు. వ్యాపారంతో పాటు కొత్త యజమానికి సంక్రమించిన పనివారు ‘కొత్తగా చేరినవారు’ కారు. కనుక వారికి సహాయం ఇచ్చుటకు వీలు లేదని తెలియజేయుటకు విచారిస్తున్నాము.

ఇట్లు,
ఇయన్ ప్రిచర్డ్

తా.క. అంకుల్, శని అంటే గ్రహం అని చెప్పాను. ‘గ్రహమైతే చేరిన తేదీ, వెళ్ళే తేదీ ఎందుకున్నాయి?’ అన్నారు. అది నా సిలబస్‌లో లేదు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్.


రాఘవయ్య డెయిరీ,
రాటా వీధి, పాపటోయిటోయి.
22 మే 2009

గౌరవనీయులైన ప్రిచర్డ్ గారికి,

మీ ఉత్తరం గల్లా పక్కన పెట్టి పేపర్లు సర్దడానికి వెళ్ళాను. వచ్చేసరికి రాజ్యం అక్కడే నిలబడి ఉంది. చదివిందో లేదో నేను అడగలేదు. కాసేపు జాడీ మూతలు తుడిచింది. తరవాత అంది:

“అన్నయ్యగారూ, ఇన్వర్‌కార్గిల్లో కందిపప్పు దొరుకుతుందంటారా?”

“ఎందుకమ్మా?”

“ఊరికే.”

ఆవిడ వెనక గదిలోకి వెళ్ళగానే రమామణి నా మీద పడింది. “ఊరికే అడిగేవాళ్ళు కందిపప్పు గురించి అడగరు. శుభ్రంగా వచ్చే సాయాన్ని తలుపు తిప్పి తగలేశారు. కావాలని నా పేర రాశారు. ఇప్పుడు ఆ పిల్ల చదువు ఏం కాను?”

“అంతా మంచికేనని...”

“ఇంకొక్క మంచి పని చేశారంటే నేనూ ఇన్వర్‌కార్గిల్ పోతాను.”

ప్రిచర్డ్ గారూ, నాకు ఆ పూట అన్నం సహించలేదు. వెంటనే కొత్త కార్డు కొని జనార్ధనరావు గారికి ఫోను చేసి, అప్పుడు ఆగిపోయిన అనుమానం అడిగాను. సూర్యుడు ఇక్కడ ఉత్తరంగా నడుస్తాడండీ, మీరది లెక్కలోకి తీసుకున్నారా అని. అవతల్నుంచి పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు. నా కార్డు మాత్రం కరిగిపోతోంది. చాలాసేపటికి, “నిజమేనా?” అన్నారు. నిజమేనన్నాను. “ఈ ముక్క ముందే చెప్పొద్దుటోయ్! అలా అయితే మీకు దక్షిణమే మంచిదేమో” అన్నారు.

అంటే మొదట ఉన్న తలుపే సరైన తలుపన్నమాట. కనక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. తలుపు మళ్ళీ కోఫై రోడ్డు వైపు పెట్టేస్తాను. కొట్టు మళ్ళీ నా పేర రాయించుకుంటాను. పోస్టు డబ్బా కూడా పాత మేకుకే తగిలిస్తాను. అప్పుడు ఏ మార్పూ జరగనట్టే కదా? మీరు మార్చిలో ఆపిన చోటి నుంచి మొదలుపెట్టండి. నడుమ జరిగింది మనం ఎవరికీ చెప్పొద్దు.

ఆశతో,
వీరరాఘవయ్య

తా.క. శని గురించి మీ ప్రశ్నలన్నీ రమామణికి ఇచ్చాను. యజమానురాలు ఆవిడే కదా, ఆవిడే జవాబు రాస్తుంది.


2 జూన్ 2009
మనుకావ్

శ్రీ వీరరాఘవయ్య గారికి,

మార్పును వెనక్కి తీసుకొనుట కూడా మార్పే. మీరు తలపెట్టినవి జరిగినచో ఒకే ఏడాదిలో ఒకే మూల మీద ఎన్నో వ్యాపారాలు తెరిచి మూసినట్టు మా రికార్డులలో నమోదగును. అటువంటి వ్యాపారాన్ని వేరే శాఖ వారు పరిశీలింతురు. వారు మా అంత ఓపికగలవారు కారు.

పరిస్థితిని స్వయంగా చూచుటకు వచ్చే మంగళవారం మేమే వచ్చుచున్నాము.

ఇట్లు,
ఇయన్ ప్రిచర్డ్

తా.క. అంకుల్, మేం వచ్చేదాకా మీరు ఏమీ చెయ్యకండి. తలుపు ముట్టుకోకండి. గుడివాడకి ఫోను చెయ్యకండి. ఊరికే కూర్చోండి. ఆంటీకి మాత్రం ఈ వాక్యం చదివి వినిపించండి: నేనూ వస్తున్నాను.


రమామణి డెయిరీ (బోర్డు ఇంకా రాఘవయ్య డెయిరీ అనే ఉంది),
రాటా వీధి, పాపటోయిటోయి.
11 జూన్ 2009

గౌరవనీయులైన ప్రిచర్డ్ గారికి,

మంగళవారం మీరు మా కొట్టుకి రావడం మా భాగ్యం. మీరు ఆవకాయని జామ్ అనుకుని బ్రెడ్డుకి రాసుకుంటుంటే ఆపనందుకు క్షమించాలి. నేను చెప్పబోయేలోపే మీరు కొరికేశారు. అంత ఎర్రబడినా మర్యాద తప్పకుండా ‘ఆసక్తికరంగా ఉంది’ అన్నారే, అక్కడ మీ మీద నాకు గౌరవం పెరిగింది. రాజ్యం తెచ్చిన మజ్జిగ మీరు మూడు గ్లాసులు తాగారు. మూడోది అడిగి తాగారు.

కాని మీరు వెళ్ళినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. మీరు అడిగినవాటికి నేను చెప్పినవి రాత్రంతా నెమరేసుకున్నాను. మీరు, “ఈ కొట్లో మీరేం పని చేస్తారు?” అన్నారు. నేను, “ఏమీ చెయ్యను, కూర్చుంటాను” అన్నాను. మా వైపు యజమాని అంటే కూర్చునేవాడే. నిలబడితే గుమాస్తా అనుకుంటారు. “వచ్చినవాళ్ళతో మాట్లాడతారా?” అన్నారు. మాట్లాడకుండా ఎలా ఉంటానన్నాను. “జీతం తీసుకుంటారా?” అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. “నా కొట్లో నాకు జీతమేమిటండీ! పాలపొడి ఫ్యాక్టరీలో మెకానిక్కు పని మానేసి ఈ కొట్టు కొన్నాక ఒకరి దగ్గర ఒక్క పైసా జీతం పుచ్చుకున్న పాపాన పోలేదు” అన్నాను. మీరు అది మాత్రం రెండుసార్లు ఇంగ్లీషు చేయించుకుని రాసుకున్నారు. అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఆశాజ్యోతీ మా ఆవిడా వెనక గదిలో జాడీల మధ్య చాలాసేపు గుసగుసలాడారు. ఆవకాయ కొలతలు అడుగుతోంది కాబోలు అనుకున్నాను. సామర్లకోట వాళ్ళు వెల్లుల్లి తక్కువ వేస్తారు.

కావ్యశ్రీ మీరున్నప్పుడే బడి నుంచి వచ్చి, పాత తలుపు దగ్గర బియ్యం బస్తాల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది, చూశారుగా. ఇల్లు చలిగా ఉంటుందని రోజూ ఇక్కడే చదువుకుంటుంది. తలుపు నేను మార్చాను. పేరు నేను మార్చాను. మీకు ఎవరి మీదైనా కోపం ఉంటే నా మీద పెట్టుకోండి. రాజ్యం ఏమీ మార్చలేదు, జాడీల వరస తప్ప.

విధేయుడు,
వీరరాఘవయ్య

తా.క. రెండు నెలలు నా ఫోను కార్డులు మానేసి ఆ డబ్బుతో రాజ్యానికి జీతమిద్దామని లెక్క వేశాను. రెండు వారాల జీతం వచ్చింది. ఇంత మాట్లాడుతున్నానని నాకు తెలియదు.


29 జూన్ 2009
మనుకావ్

రమామణి గారికి,
యజమానురాలు, రమామణి డెయిరీ, రాటా వీధి.

మీరు పంపిన కొత్త దరఖాస్తు పరిశీలించినాము.

మీ వ్యాపారం మే ఒకటిన మొదలైన కొత్త వ్యాపారం. చిరునామా రాటా వీధి. యజమానురాలు మీరే. పాత వ్యాపారంతో పాటు సంక్రమించిన పనివారు ఒకరు: రాజ్యం గారు. కొత్తగా చేర్చుకొనదలచినవారు ఒకరు: వీరరాఘవయ్య గారు, వయసు అరవై ఒకటి. వీరు ఆరు నెలలు కాదు, ఎన్నో ఏళ్ళుగా ఎక్కడా జీతం తీసుకోలేదని, ఈ వ్యాపారంలో ఏ పనీ చేయుట లేదని మా ఎదుటే స్వయంగా చెప్పి ఉన్నారు. ఇంత స్పష్టమైన అర్హత మేము అరుదుగా చూస్తాము.

కనుక వారి జీతానికి సహాయం మంజూరు చేయడమైనది. ఆ జీతం మీ ఇంటికే చేరును గనుక రాజ్యం గారి జీతానికి మీకు వెసులుబాటు కలుగునని మీరు రాసినారు. అది మీ ఇష్టం. అయితే సహాయం అందుతున్నంత కాలం ఉన్న పనివారిని తీసివేయరాదని నిబంధన. అనగా రాజ్యం గారిని పని నుంచి తప్పించుటకు వీలు లేదు. మీరు కూడా అదే కోరుచున్నారని ఆశాజ్యోతి చెప్పినది.

కొత్త ఉద్యోగి నిజంగా పని చేయవలెను. పని వేళల్లో కూర్చొనరాదు. టీ విరామంలో కూర్చొనవచ్చును. పనివేళల్లో ఉత్తరాలు రాయరాదు. పని నేర్పుటకు పైఅధికారిగా మీరు రాజ్యం గారి పేరు సూచించినారు, ఆమోదించినాము.

చివరిగా, శని గారు ఉద్యోగా అన్న మా పాత ప్రశ్నకు మీ జవాబు అందినది: ‘ఇంతవరకు కాదు. జూలై నుంచి చేరుతున్నారు. ఆయనా, మా ఆయనా ఒకరే.’ దీనితో ఆ అంశం ముగించినాము.

ఇట్లు,
ఇయన్ ప్రిచర్డ్

తా.క. ఆంటీ, మా తెలుగు విభాగాన్ని ఇంకో ఏడాది పొడిగించారు. తెలుగువాళ్ళ నుంచి ఉత్తరాలు విపరీతంగా వస్తున్నాయని నివేదికలో రాశారట. అన్నీ అంకుల్ రాసినవే అని నేను చెప్పలేదు. ప్రిచర్డ్ గారు మజ్జిగ ఎలా చేస్తారో కనుక్కోమన్నారు.


రమామణి డెయిరీ,
రాటా వీధి, పాపటోయిటోయి.
17 జూలై 2009

ప్రిచర్డ్ గారికి,

టీ విరామంలో రాస్తున్నాను కనక కులాసాలు అడగటం లేదు.

పని బాగానే ఉంది. కాళ్ళు బాగాలేవు. నిన్న ఒకాయనకి పాలు అమ్ముతూ మా మేనమామ కొట్టు సంగతి మొదలుపెట్టాను. “వీరరాఘవయ్యగారూ, వెనక ఇంకో నలుగురున్నారు” అంది పైఅధికారి. ఇదివరకు అన్నయ్యగారూ అనేది. పని అయ్యాక మళ్ళీ అన్నయ్యగారూ అని టీ ఇచ్చింది.

ఇప్పుడు జనార్ధనరావు గారు ఉత్తర ద్వారం పెట్టమంటున్నారు. ఉత్తరాన పక్కవాళ్ళ గోడ. మా యజమానురాలిని అడిగి చెప్తానన్నాను.

రాజ్యం గోడ గడియారం చూస్తోంది. ఉంటాను.

మీ ఉద్యోగి,
వీరరాఘవయ్య

తా.క. నిన్న సాయంత్రం రాజ్యం మన కొట్లోనే పెద్ద కందిపప్పు బస్తా కొంది. కావ్యశ్రీ ఒక కొసా నేనొక కొసా పట్టుకుని ఇంటికి చేర్చాం. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు అంత పప్పు కొనరు.